అరవై నాలుగు గళ్లు, ఇరవై అంకెలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఇప్పుడు ఇదే బడిలో చదువుతున్న పిల్లలు కూడా వచ్చారు. అసలు ఈ ప్రసంగం వాళ్ల కోసమే. పెద్దవాళ్లు ఓపికతో వినండి. చివర్లో పెద్దలకు పనికొచ్చే సంగతి కూడా ఉంది, అది డబ్బుకు సంబంధించింది.

సంఘం వారు ‘ఏదైనా మాట్లాడు, కానీ ఉపన్యాసం ఇవ్వకు’ అన్నారు. అందుకే ఒకే ఒక సంఖ్య గురించి మాట్లాడుతాను. ఆ సంఖ్య ఇది:

18446744073709551615

ఇరవై అంకెలున్నాయి. తెలుగులో చదవాలంటే ఊపిరి బిగబట్టాలి. లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్ల, తొంభై ఐదు లక్షల యాభై ఒక వేల ఆరు వందల పదిహేను. ‘కోట్ల’ అనే మాట రెండుసార్లు వచ్చింది చూశారా? కోటి కోట్లు దాటిన సంఖ్య ఇది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చదరంగం కనిపెట్టిన పండితుడిని రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా గడి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లూ నింపి ఇమ్మన్నాడు పండితుడు. రాజు నవ్వాడు. లెక్క కట్టాక ఖజానా వాళ్లకు నవ్వు రాలేదు. ఆ గింజల మొత్తమే ఈ ఇరవై అంకెలు.

ఈ లెక్క ప్రపంచమంతా తిరిగింది. 1000వ సంవత్సరం ప్రాంతంలో అల్ బెరూనీ అనే మహా పండితుడు తన గ్రంథంలో ఈ సంఖ్యను తప్పు లేకుండా కట్టి రాశాడు. మనకు గర్వకారణమైన సంగతి ఏమిటంటే, ఇదే సంఖ్య తెలుగులో ఒక పద్యంగా ఉంది. ఆ పద్యం పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధి. మల్లన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని, అంటే నన్నయ సమకాలికుడని సాహిత్య చరిత్రలు చెప్తాయి. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. దాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో తొలి కావ్యం పుడుతున్న రోజుల్లోనే తొలి లెక్కల పుస్తకం కూడా పుట్టిందన్న మాట.

పిల్లలకు ఒక అనుమానం రావాలి. ఇరవై అంకెల్ని పద్యంలో ఎట్లా ఇరికిస్తారు? దానికి మన పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. వాటిని భూతసంఖ్యలంటారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. కళ్లు రెండు కాబట్టి నేత్రం అంటే 2. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు ఐదు, ఋతువులు ఆరు, కులపర్వతాలు ఏడు, దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఆకాశం అంటే శూన్యం, అంటే సున్నా. అంకెల్ని ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చదువుకుంటూ పోవాలి. ఆ చంపకమాల పద్యంలో మూడో పాదం పూర్తి కాకముందే ఇరవై అంకెలూ అయిపోతాయి.

ఇందులో ఇంజనీరుగా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ పద్యంలో 5 అనే అంకె మూడుసార్లు రావాలి. కవి రెండు చోట్ల ‘శర’ అన్నాడు, ఒక చోట ‘సాయక’ అన్నాడు. రెంటికీ అర్థం బాణమే. మరి రెండు మాటలెందుకు? శర అంటే రెండు లఘువులు. సాయక అంటే ఒక గురువు, రెండు లఘువులు. గణం ఎక్కడ ఏది అడిగితే అక్కడ అది వేశాడు. దీనివల్ల ఏమైంది? తాటాకు మీద గంటంతో అంకె గీస్తే, ఒక గీత చెరిగిపోయినా అది ఇంకో అంకె అయిపోతుంది, ఎవరికీ తెలియదు. పద్యంలో ఒక మాట ఎగిరిపోతే గణం తప్పుతుంది, యతి తప్పుతుంది, చదివేవాడి నాలుక అక్కడే తట్టుకుంటుంది. ఈ రోజుల్లో మన ఆధార్ నంబరులో పన్నెండో అంకె చేసే పని ఇదే. ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్క కట్టి దాన్ని పెడతారు. మధ్యలో ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ పట్టుకుంటుంది. ఆ కంప్యూటర్ చేసే కాపలాను మనవాళ్లు ఛందస్సుకు అప్పగించారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అరవై నాలుగు గళ్లు కూడటానికి అరవై నాలుగు కూడికలు అక్కర్లేదు. ఒక చిన్న ఉపాయం ఉంది. బోర్డు పక్కన ఒక గింజ అదనంగా పెట్టుకోండి. మొదటి గడిలో ఒకటి, పక్కన ఒకటి, కలిపితే రెండు. రెండో గడిలో ఉన్నది రెండే కాబట్టి కలిపితే నాలుగు. మూడో గడిలో నాలుగు, కలిపితే ఎనిమిది. ఇట్లా ఎంత దూరం పోయినా, ఆ ఒక్క గింజ కలుపుకుంటే మొత్తం సరిగ్గా తర్వాతి గడికి సమానం. అంటే అరవై నాలుగు గళ్ల మొత్తం, లేని అరవై ఐదో గడి కంటే ఒకటి తక్కువ. రెండును అరవై నాలుగు సార్లు గుణించి ఒకటి తీసేస్తే అయిపోయింది.

రెండును అరవై నాలుగు సార్లు గుణించడం కూడా పెద్ద పని కాదు. రెండుకు వర్గం 4. నాలుగుకు వర్గం 16. దానికి వర్గం 256. దానికి 65536. దానికి 4294967296. దానికి వర్గం 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు! ఒకటి తీసేయండి, మన సంఖ్య వచ్చేసింది. పింగళుడి ఛందశ్శాస్త్రం నుంచి మన దేశంలో ఈ వర్గం చేసే ఉపాయం తెలుసు. మహావీరాచార్యుడు గుణశ్రేఢికి ఇదే వాడాడు.

ఈ ఉపాయంలో దాగిన ధర్మాన్ని మీరు మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి. ఏ గడిలో చూసినా ఉన్న గింజలు, దాని ముందున్న గళ్లన్నీ కలిపిన దాని కంటే ఒకటి ఎక్కువ. చివరి గడి ఒక్కటే మిగతా అరవై మూడు గళ్ల కంటే పెద్దది.

ఇరవై అంకెలంటే ఎంతో కళ్లకు కట్టాలంటే మన ప్రాంతపు కొలతే వాడుదాం. గ్రాముకు యాభై బియ్యపు గింజలు అనుకుందాం. మొదటి పది గళ్లలో ఉన్నవి 1023 గింజలు, ఇరవై గ్రాములు, పిడికెడు కూడా కాదు. ఇరవై గళ్లకు 21 కిలోలు. ఇంకా రాజు నవ్వుతూనే ఉంటాడు. సగం బోర్డు, అంటే ముప్పై రెండు గళ్లు నిండేసరికి 86 టన్నులు. మన బొగ్గు వ్యాగన్లో సుమారు 60 టన్నులు పడుతుంది కాబట్టి ఒకటిన్నర వ్యాగన్. నలభై గళ్లకు 22 వేల టన్నులు, అంటే ఐదారు రేకులు. యాభై రెండో గడి దగ్గర 9 కోట్ల టన్నులు. 1889లో ఇల్లెందులో మొదలైన సింగరేణి ఈ మధ్య 2023–24లో ఏడాదికి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. యాభై రెండో గడి దగ్గరే సింగరేణి మొత్తాన్ని దాటేశాం. ఇంకా పన్నెండు గళ్లున్నాయి.

అరవై నాలుగు గళ్లకూ కలిపి దాదాపు 36,900 కోట్ల టన్నులు. సింగరేణి ఇప్పుడు నడుస్తున్న జోరుతో అంత బొగ్గు తియ్యాలంటే ఐదు వేల ఏళ్ల పైన పడుతుంది. నాలుగు వేల టన్నుల రేకు మన స్టేషన్ మీదుగా పది నిమిషాలకొకటి చొప్పున రాత్రీ పగలూ ఆగకుండా పోతుంటే, చివరి రేకు దాటడానికి సుమారు 1750 ఏళ్లు. ప్రపంచంలో ఇప్పుడు ఏడాదికి పండే బియ్యాన్ని లెక్క వేసుకుంటే సుమారు 700 ఏళ్ల పంట. పండితుడు అడిగింది అదన్న మాట.

బరువు సంగతి అయింది, ఇక ఈ సంఖ్య గుణం చూద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలూ, వర్గాల భేదం సూత్రం గుర్తుందా? ఒక వర్గం లోంచి ఇంకో వర్గం తీసేస్తే అది మొత్తం, భేదాల లబ్ధం. మన సంఖ్య 4294967296 వర్గం లోంచి 1 వర్గం తీసేయగా వచ్చింది. కాబట్టి అది 4294967295, 4294967297ల లబ్ధం. అందులో మొదటిది మళ్లీ 65536 వర్గం లోంచి ఒకటి తీసేసినదే. అది 65535, 65537ల లబ్ధం. ఇట్లా విప్పుకుంటూ పోతే మన సంఖ్య ఇట్లా తేలుతుంది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఈ ఆరు సంఖ్యలూ ఒకే ఇంటివి. ప్రతిదీ మనం ఇందాక 2తో మొదలుపెట్టి వర్గాలు చేసుకుంటూ పోయిన వరుసలోని సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చినదే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ ఇంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది 4294967297. దాన్ని భాగించి చూసే ఓపిక ఎవరికుంది? 1732లో ఆయిలర్ చూశాడు. ఆయన గుడ్డిగా భాగించలేదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అటువంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోది తగిలింది. 641 × 6700417 = 4294967297. ఇంటికి పోయి కాగితం మీద గుణించి చూడండి, ఐదు నిమిషాల పని.

కాబట్టి మన సంఖ్య పూర్తి కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి ఒక్కసారే. ఫెర్మా ఇంటి సంఖ్యల్లో 65537 తర్వాత ప్రధాన సంఖ్య ఇంకొకటి ఈ రోజు దాకా దొరకలేదు. ఈ సంఖ్యలకు ఇంకో మహిమ ఉంది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి పదిహేడు సమాన భుజాల బహుభుజి గీయవచ్చని 1796లో గాస్ నిరూపించాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు నిండలేదు. పదిహేడుకే ఎందుకు కుదిరిందంటే, అది ఈ ఇంటి ప్రధాన సంఖ్య కాబట్టి. ఇక 65537 మీ ఫోన్లోనే ఉంది. బ్యాంకు సైటు తెరిచినప్పుడు మీ రహస్యాల్ని కాపాడే తాళాల్లో ఎక్కువగా వాడే సంఖ్య అదే.

ఈ ఇరవై అంకెలు సరైనవేనా అని మీకు మీరే పరీక్ష పెట్టుకోవచ్చు. చివరి అంకె 5 కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అది 3తో పోతుంది, 9తో పోదు, కారణాంకాల్లో 3 ఒక్కసారే ఉంది కాబట్టి అట్లాగే ఉండాలి. ఐదో తరగతి భాజనీయత సూత్రాలు వెయ్యేళ్ల నాటి పద్యాన్ని తనిఖీ చేస్తాయి. లెక్కలంటే భయపడే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఎవరు చెప్పారని కాకుండా, నువ్వే సరిచూసుకోగలిగే చదువు ఇది. ఇందులో పెద్దవాడి మాట, చిన్నవాడి మాట అని లేదు.

తెలుగు సార్లు ‘అంతా లెక్కలేనా, మాకేం లేదా?’ అన్నట్టు చూస్తున్నారు. వాళ్ల వాటా ఇప్పుడే వస్తున్నది. ‘యమాతారాజభానస’ మనందరికీ నోటికొచ్చు. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? ఒక్కో అక్షరం గురువో లఘువో కావాలి. రెండు, రెండు, రెండు గుణిస్తే ఎనిమిది. ఇరవై అక్షరాల పాదానికి ఇరవై రెండ్లు గుణించాలి. 10,48,576 రకాల వృత్తాలు వీలవుతాయి. వాటిలో ఉత్పలమాల 355799వ వృత్తమని లక్షణ గ్రంథాలు చెప్తాయి. ఇరవై ఒక్క అక్షరాలకు 20,97,152 వృత్తాలు. వాటిలో చంపకమాల 711600వది.

ఈ వరుస సంఖ్యలు ఎట్లా వచ్చాయో మీరే కట్టవచ్చు. పాదంలో అక్షరాల కింద చదరంగం గింజల్లాగే 1, 2, 4, 8, 16 అని రాసుకుంటూ పోండి. లఘువు ఉన్న చోటి సంఖ్యల్ని మాత్రమే కూడండి. చివర ఒకటి కలపండి. య గణంలో మొదటి అక్షరం ఒక్కటే లఘువు. 1కి 1 కలిపితే 2, అది రెండో గణం. భ గణంలో రెండోది, మూడోది లఘువులు. 2, 4 కూడితే 6, ఒకటి కలిపితే 7, అది ఏడో గణం. మూడూ లఘువులైన న గణం ఎనిమిదోది. చంపకమాలకు ఇదే పని చేస్తే 711600 వచ్చి తీరుతుంది. కంప్యూటర్ లోపల సున్నా, ఒకటి అనే రెండే గుర్తులతో సంఖ్యలు రాసే ద్విసంఖ్యామానం ఇదే. దాన్ని మన ఛందస్సు వాళ్లు గురువు, లఘువు అన్నారు.

మన పాత కరీంనగర్ జిల్లాలోనే, గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. రాతి మీద పద్యం చెక్కిన నేల ఇది. పద్యం రాసేవాడికి అక్షరాలు, మాత్రలు లెక్క పెట్టడం రావాల్సిందే. తెలుగు వేరు, లెక్కలు వేరు అని పిల్లల్ని రెండు గదుల్లో కూర్చోబెట్టింది మనమే.

ఇక ఒక్క లెక్క చూసుకుని ముందుకు పోదాం. పంచచామరం పాదానికి పదహారు అక్షరాలు. నాలుగు పాదాలకు అరవై నాలుగు. అరవై నాలుగు అక్షరాల్లో గురులఘువులు ఎన్ని రకాలుగా అమరుతాయి? మన సంఖ్య కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. నేటి కంప్యూటర్లు ఒక్కో సంఖ్యను అరవై నాలుగు గళ్లలో దాచుకుంటాయి. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య మన 18446744073709551615. మల్లన పద్యంలోని సంఖ్యే నేటి కంప్యూటరుకు హద్దు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. పాత యంత్రాలు అరవై నాలుగు గళ్లు కాదు, ముప్పై రెండే వాడాయి. అందులో ఒకటి కూడిక, తీసివేత గుర్తుకు పోతే మిగిలేది ముప్పై ఒకటి. వాటిలో పట్టే పెద్ద సంఖ్య 2147483647. 2014 డిసెంబరులో యూట్యూబ్‌లో ఒక కొరియా పాటను చూసినవాళ్ల లెక్క ఈ సంఖ్యను దాటింది. అందుకోసం వాళ్లు లెక్కను అరవై నాలుగు గళ్లకు మార్చామని చెప్పారు. అది పాట కాబట్టి నవ్వుకున్నాం. ఎన్నో యంత్రాల్లో గడియారం 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్క పెడుతుంది. ఆ లెక్క 2147483647కు చేరేది 2038 జనవరి 19, మంగళవారం, మన సమయం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఆ తర్వాతి సెకనుకు, ముప్పై రెండు గళ్ల గడియారం మార్చకుండా వదిలేసిన యంత్రం తేదీని 1901 డిసెంబరుకు తీసుకుపోతుంది. అదే అరవై నాలుగు గళ్ల గడియారమైతే 29 వేల కోట్ల ఏళ్లు నడుస్తుంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మన చుట్టూ గనులున్నాయి, కరెంటు ప్లాంట్లున్నాయి, పంపులున్నాయి, కన్వేయర్లున్నాయి. ఫోన్లు రెండేళ్లకు మారుస్తాం కానీ కంట్రోల్ ప్యానెల్లో ఒకసారి బిగించిన పెట్టె ఇరవై, ముప్పై ఏళ్లు పని చేస్తుంది. ఇప్పుడు ఇక్కడ కూర్చున్న పదో తరగతి పిల్లలు అప్పటికి షిఫ్ట్ ఇంజనీర్లయి ఉంటారు. మీ చేతిలో ఏ పెట్టె ఉన్నా, లోపలి గడియారం ఎన్ని గళ్లదో ముందే అడిగి రాసి పెట్టుకోండి. అడగడానికి ఖర్చేమీ లేదు.

ఇక పెద్దలకు చెప్తానన్న సంగతి. రెట్టింపు అనేది మన ఇళ్లలోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మిత్తి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే చిన్నగా వినిపిస్తుంది. మిత్తికి మిత్తి వేస్తూ పోతే 35 నెలలకు అసలు దాదాపు రెట్టింపు అవుతుంది. పదివేల రూపాయల కాగితం ఎవరూ కదిలించకుండా అట్లాగే ఉంటే, పది రెట్టింపులకు, అంటే ఇరవై తొమ్మిదేళ్ల పై చిలుకుకు కోటి దాటుతుంది. అదే లెక్క మీరు దాచుకునే సొమ్ము మీద నడిస్తే మీకు లాభం, మీ అప్పు మీద నడిస్తే ఇంకొకరికి లాభం. గడి ఎవరిదో చూసుకోవాలి.

రెండో దారి గొలుసుకట్టు స్కీములు. ‘నువ్వు డబ్బు కట్టు, ఇద్దరిని చేర్పించు, వాళ్లు ఇద్దరేసిని చేర్పిస్తారు, ఇక కూర్చుని తిను’ అంటారు. రిటైరైన కార్మికుడి చేతికి సొమ్ము వచ్చిన వారంలోనే ఈ మాట చెప్పేవాళ్లు ఇంటికొస్తారు. వచ్చేవాళ్లు బయటివాళ్లు కారు. బావమరిది వస్తాడు, పక్క క్వార్టర్ అన్న వస్తాడు. అందుకే కాదనలేం.

లెక్క కట్టండి. వరుసలు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. చదరంగమే! ఇరవయ్యో వరుస నిండాలంటే మొత్తం పది లక్షల 48 వేల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన పెద్దపల్లి జిల్లా మొత్తం 8 లక్షలు కూడా లేదు. వారానికొక వరుస చొప్పున పోతే ఐదు నెలలు నిండకముందే జిల్లాలో పసిపిల్లలతో సహా మనుషులు అయిపోతారు. ఇరవై ఆరో వరుసలో తెలంగాణ అయిపోతుంది. ముప్పై మూడో వరుసలో భూమ్మీద మనుషులే అయిపోతారు. ఎక్కడో ఒక చోట గొలుసు తెగక తప్పదు.

మీరు మనసులో పెట్టుకోమన్న ధర్మం ఇప్పుడు తియ్యండి. చివరి గడి, ముందున్న గళ్లన్నిటి కంటే పెద్దది. అంటే గొలుసు ఎప్పుడు తెగినా, ఎక్కడ తెగినా, చివరి వరుసలో ఉన్నవాళ్లు సగం మంది కంటే ఎక్కువ. వాళ్ల కింద ఎవరూ లేరు, వాళ్లకు పైసా రాదు. కింద రెండు వరుసలు నిండితే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాని స్కీమైతే, నూటికి డెబ్బై ఐదు మంది మునిగినట్టే. నడిపేవాడు మంచివాడా, చెడ్డవాడా అన్న ప్రశ్నే లేదు. ధర్మరాజే నడిపినా సగం మందికి పైగా మునగాల్సిందే. ఇది అభిప్రాయం కాదు, రుజువైన లెక్క. ఒక గింజ పక్కన పెట్టి మనం ఇందాకే రుజువు చేసుకున్నాం.

మన దేశంలో 1978 నుంచే ఇటువంటి డబ్బు చలామణి స్కీముల్ని నిషేధించే చట్టం ఉంది. రిజిస్టరైన చిట్టీలు దీని కిందికి రావు, వాటికి 1982 చట్టం వేరే ఉంది. చిట్టీలో మనుషుల సంఖ్య మొదటి రోజే ఖాయమవుతుంది, కొత్తవాళ్లు చేరితేనే పాతవాళ్లకు డబ్బు అనే మాట ఉండదు. తేడా కనిపెట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘రేపటి నుంచి కొత్తవాళ్లెవరూ చేరకపోతే నా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?’ సూటిగా జవాబు రాకపోతే చాయ్ తాగించి పంపించండి. బావమరిదైనా సరే. అల్లుడైతే ఇంకో చాయ్ తాగించండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఒక మాట చెప్పి సెలవు తీసుకుంటాను. స్వర్ణోత్సవ జ్ఞాపకంగా బడికి ఏమిద్దామని సంఘం ఆలోచిస్తున్నదని విన్నాను. గేటు, వాటర్ ట్యాంకు, బెంచీలు, అన్నీ కావాల్సినవే. వాటితో పాటు ఒక చిన్న పని చేద్దాం. వరండా గోడ మీద ఎనిమిదికి ఎనిమిది గళ్లు గీయించి, ఒక్కో గడిలో దాని సంఖ్య రాయిద్దాం. మొదటి గడిలో 1, చివరి గడిలో 9223372036854775808. కింద మొత్తం మాత్రం రాయవద్దు. ఆ చోటు ఖాళీగా ఉంచుదాం. పక్కన ఒక సుద్దముక్క పెడదాం. ఏటా ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలు ఆ మొత్తాన్ని తామే కట్టి రాయాలి. తెలుగు సారు వాళ్లతో మల్లన పద్యం చదివించి, పిల్లలు రాసింది సరైనదో కాదో ఆ పద్యంతోనే దిద్దాలి. రంగు ఖర్చు నాది. సుద్దముక్కల ఖర్చు మీలో ఎవరైనా ఒప్పుకోండి.